స్టంపు మైకూ, మా బావా

మార్చి 3, మంగళవారం

ఇవీ అంతే. మూడో జత హెడ్‌ఫోన్లు, ఇవీ చెవుల్లో దూది కుక్కినట్టే ఉన్నాయి. డబ్బా మీద మాత్రం చీమ నడిచినా వినపడుతుందని రాశారు. ఆ చీమ ఎన్ని కిలోలో రాయలేదు. పైకి నల్లగా నిగనిగలాడుతుంటాయి, పెట్టుకుంటే ఆట పక్క ఊళ్ళో జరుగుతున్నట్టుంటుంది.

టీవీ ప్రసారం నడిపే డైరెక్టరుకి చెప్పాను. ముప్ఫై ఏళ్ళ పిల్ల, నన్ను బాబాయ్ అంటుంది, ఇరవై ఎనిమిది కెమెరాలని ఒంటిచేత్తో ఆడిస్తుంది. కొత్తవే కదా బాబాయ్ అంది. కొత్తవే, నా బాధా అదే.

స్టేడియం వెనకాల, జనరేటరు పక్కన, కిటికీల్లేని వ్యాను. అందులో పదకొండు మందిమి. పదిమంది తెరలు చూస్తారు, నేనొక్కణ్ణే వింటాను. మధ్య స్టంపు లోపలి మైకు నా చేతిలో ఉంటుంది. బంతి వేస్తుంటే శబ్దం మీట, అదే ఫేడర్, పైకి, ఆట ఆగగానే కిందికి. ఆటగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అనుకునే మాటలు జనం ఇళ్ళలోకి వెళ్ళకూడదు. ఇరవై రెండేళ్ళుగా అవన్నీ నేనొక్కణ్ణే వింటున్నాను. ఆ విషయంలో నాకున్నంత పాండిత్యం ఇంకెవరికీ ఉండదు.

విరామానికి స్టంపుల మీది బెయిల్స్ తీస్తూ, అంపైరుగా ఉన్న మా బావ ఎప్పట్లాగే స్టంపు మీదికి వంగి ఏదో అన్నాడు. నా కోసమే అంటాడు. ఫేడర్ కింద ఉంటుంది కాబట్టి లోకానికి వినపడదు, నా హెడ్‌ఫోన్లకి మాత్రమే వస్తుంది. తిరిగి జవాబు చెప్పే దారి లేదు. ఇరవై రెండేళ్ళుగా అతను అనడం, నేను వినడం. సాధారణంగా "బావా, బిస్కెట్లు నాకూ రెండుంచు" అంటాడు. వ్యానులో బిస్కెట్ల డబ్బా ఉంటుందని అతని కడుపుమంట.

ఈ రోజు ఏమన్నాడో సరిగ్గా పడలేదు. హెడ్‌ఫోన్ల గొడవ.

మార్చి 4, బుధవారం

వాన. ఆట లేదు. చెవులకి సెలవు.

మార్చి 7, శనివారం

బావ రాత్రి భోజనానికి వచ్చాడు. వచ్చాడు అని రాయడం దేనికి, రోజూ వస్తాడు. రెండు వీధుల అవతల ఒక్కడే ఉంటాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, నిర్ణయం ఇంకా రివ్యూలో ఉందంటాడు. మా ఆవిడకి అన్నయ్య, ఊరందరికీ అంపైరు, నాకు రెండూనూ.

ఇవాళ కాస్త పాతకాలం మాట్లాడుకున్నాం. అప్పట్లో మైదానానికి రెండే కెమెరాలు, మైకుకి గాలి తగలకుండా పాత బనీను ముక్క చుట్టేవాణ్ణి. బావ వేలెత్తితే ఇంక అంతే, వాదన లేదు. ఇప్పుడు బంతి ఎటు పోయేదో ఒక యంత్రం చెబుతుంది. బ్యాటుకి తగిలిందో లేదో ఇంకో యంత్రం గీత గీసి చూపిస్తుంది. బెయిల్స్‌లో దీపాలు పెట్టారు. పాత చెక్క బెయిల్ పడితే టక్ మనేది, దీపాల బెయిల్ టప్ మంటుంది. ఆ తేడా ఈ దేశం మొత్తంలో నాకొక్కడికే తెలుసని బావ అందరికీ చెబుతుంటాడు. నాకు పాముచెవులని పేరు పెట్టిందీ అతనే. వ్యానులో కొత్తగా చేరినవాళ్ళకి నా అసలు పేరు తెలియదు.

ఇప్పుడు నేను కింది కోర్టుని బావా, పైకోర్టు పై అంతస్తులో ఏసీలో కూర్చుంటుంది అన్నాడు. ప్రతి నిర్ణయానికీ మార్కులు. పైవాళ్ళు తిరగ్గొడితే మార్కు పోతుంది. ఈ సీజనుతో అతని ఉద్యోగం ఆఖరు, ఇంతవరకు ఒక్క ఫైనల్లోనూ నిలబెట్టలేదు. ఈసారి మార్కుల్లో ముందున్నావుగా అని మా ఆవిడ అంటే, ఫైనల్లో ఎండ తప్ప ఏముంటుంది అమ్మడూ అని పళ్ళెంలోకి చూశాడు.

చెయ్యి కడుక్కుంటూ, మొన్న మంగళవారం స్టంపు దగ్గర ఏమన్నానో చెప్పు చూద్దాం అన్నాడు. బిస్కెట్ల సంగతేగా అన్నాను. ఎప్పుడూ అదే కాబట్టి. నన్ను కాసేపు చూసి, "ఆఁ, బిస్కెట్లే" అన్నాడు.

మార్చి 8, ఆదివారం

మూడుసార్లు పిలిచానంటుంది మా ఆవిడ. ఒక్కసారే పిలిచింది. ఆ ఒక్కసారి వెళ్ళాను కూడా.

మార్చి 11, బుధవారం

సమస్య తీరింది. ఇంత సులువని తెలిస్తే మూడు జతలు మార్చేవాణ్ణే కాదు.

హెడ్‌ఫోన్ల శబ్దం ఎప్పుడో ఆఖరికి పెట్టేశాను, ఇంక పెరగదు. అందుకని స్టంపు మైకు ఎర్ర నాబే కొంచెం పెంచాను. పెద్దగా ఏం కాదు, రెండు గీతలు. ఆ నాబ్ పక్కన తెల్ల టేపు మీద "ముట్టుకోవద్దు" అని రాసి ఉంటుంది. రాసింది నేనే కాబట్టి నాకు వర్తించదనుకున్నాను.

ఆ నాబ్ దాటాక శబ్దం రెండు దారులు పడుతుంది. ఒకటి టీవీకి. ఇంకోటి గీతలు గీసే యంత్రానికి. దాని ముందు కూర్చునేవాణ్ణి గీతలాయన అంటాం. వేరే కంపెనీ మనిషి, నెమ్మదస్తుడు, బిస్కెట్ తిన్నా చప్పుడు చెయ్యడు. స్టంపు ఇవాళ హుషారుగా ఉందేంటి సార్ అన్నాడు. పిచ్ ఎండిపోయింది కదా, శబ్దం బాగా పలుకుతుందన్నాను. అలాగా అని తలూపాడు. పాముచెవులు చెప్పాక ఇంక కాదనేదెవరు.

షూ అడుగున మేకులు నేలలో దిగడం కూడా వినపడింది ఇవాళ. హాయిగా ఉంది.

మార్చి 14, శనివారం

ఆఖరి ఓవర్లలో ఆ ఎడమచేతి కుర్రాడు కుదురుగా ఆడుతున్నాడు. ఇంకో పద్దెనిమిది కొడితే గెలుపు. బంతి బ్యాటు పక్కనుంచి వెళ్ళింది, కీపరు పట్టాడు, అందరూ ఔటని అరిచారు. బావ కదల్లేదు. తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు రివ్యూ అడిగారు.

గీతలాయన గీత వేశాడు. బంతి బ్యాటు పక్కకొచ్చిన చోట లేచి నిలబడింది, లావుగా. పైనున్న మూడో అంపైరు మూడుసార్లు తిప్పి చూసి, నిర్ణయం మార్చమన్నాడు. బావ రెండు చేతులూ భుజాలకి అడ్డంగా పెట్టి తన మాట తనే వెనక్కి తీసుకుని, వేలెత్తాడు. స్టేడియం మొత్తం ఊళ వేసింది. కామెంటరీ పెట్టెలో ఒకాయన, అంపైరుగారు చెవి డాక్టరుని కలవాలి అన్నాడు. పక్కాయన నవ్వాడు. ఆ నవ్వుని గాలిలోకి పంపింది నేనే, ఫేడర్ నా చేతిలోనే ఉంది.

కుర్రాడు వెళుతూ వెళుతూ కాలి ప్యాడు బకిలు పట్టుకుని చూపించాడు. అది గీసుకుంది అని చెబుతున్నాడు. ఎవరూ చూడలేదు. మేం మాత్రం బావ తన మాట వెనక్కి తీసుకోవడాన్ని వేరే కెమెరాలో పదకొండుసార్లు చూపించాం.

గీత గీతే. యంత్రానికి చుట్టాలుండరు, మొహమాటాలుండవు. గీత ఉందంటే తగిలిందనే.

కాస్త లావుగా ఉంది, అంతే.

ఆట అయిపోయాక బావ బెయిల్స్ తీశాడు. స్టంపు మీదికి వంగలేదు.

మార్చి 15, ఆదివారం

అన్నం తినలేదు బావ. ఎదురుగా కూర్చుని కంచంలో మెతుకులు లెక్కపెడుతున్నట్టు కలిపాడు. మా ఆవిడ లోపలికి వెళ్ళాక నెమ్మదిగా అడిగాడు.

"నాకు నిజంగా వినపడలేదు బావా. పాతిక గజాల్లో నిలబడి ఉన్నాను. నీవి పాముచెవులు కదా, నీకు వినపడిందా?"

"వినపడింది," అన్నాను.

అడగ్గానే అనేశాను. ముందే నాలిక చివర పెట్టుకున్నట్టు.

"అయితే నా చెవులే పోతున్నాయన్నమాట," అన్నాడు. కోపం లేదు, ఏం లేదు. చెవులు పోతున్నవాడు ఫైనల్లో నిలబడితే ఆటకి అన్యాయం, పరీక్ష చేయించుకుని, తేడా ఉంటే నా పేరు తీసేయమని కాయితం రాసిస్తానన్నాడు. శుక్రవారం వెళదాం, తోడు రా అన్నాడు.

మార్చి 16, సోమవారం

ఎర్ర నాబ్ మళ్ళీ పాత చోటికి తిప్పేశాను. ఊరికే. అది పెంచడానికీ, మొన్నటి దానికీ ఏం సంబంధం లేదు.

మార్చి 17, మంగళవారం

సంబంధం లేదు.

మార్చి 20, శుక్రవారం

చెవుల డాక్టరు దగ్గరికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పరీక్ష చేసే ఆవిడ అతన్ని చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. నేను బయట కుర్చీలో కూర్చుని గోడ మీద చెవి బొమ్మ చూస్తూ ఉన్నాను. లోపల ఎన్ని సందులో. వీటిలో ఎక్కడ ఏది ఆగిపోయినా ఎవరికి తెలుస్తుంది.

ఆవిడ కాయితం పట్టుకుని బయటికొచ్చింది. ఇరవై ఏళ్ళ కుర్రాడి చెవులండీ మీవి అంది.

బావ సంతోషించాలి కదా. ఇంకా అయోమయంగా చూశాడు. మరి ఆ రోజు నాకెందుకు వినపడలేదు అన్నాడు, ఆవిడతో కాదు, నాతో. అంతలోనే ఏదో తట్టినట్టు నవ్వి, మా బావని కూడా చూడండమ్మా, ఇతనివి పాముచెవులు, ఈ మిషను ఇలాంటివి చూసి ఉండదు అన్నాడు. నాకెందుకు, టైమైంది అన్నాను. లేచేలోపే హెడ్‌ఫోన్లు పెట్టేసింది ఆవిడ.

మంచి హెడ్‌ఫోన్లే. ఇవీ అంతే.

మొదట ఒకటి రెండు బాగానే వినపడ్డాయి. తర్వాత ఏం లేదు. గదిలో నేనూ, నా ఊపిరీ. ఆవిడ అద్దం అవతల మిషను మీద వేళ్ళు కదుపుతూనే ఉంది. నొక్కకపోతే ఎలా? బౌలరు పరిగెత్తి వచ్చి బంతి వెయ్యడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఒంట్లో తెలుసు. ఆ లెక్కన, ఇప్పుడు వేసుంటుంది, ఇప్పుడు వేసుంటుంది అనుకుంటూ నొక్కాను. బాగా కుదిరిందనే అనుకున్నాను. ఒకటి రెండు చోట్ల కావాలని వదిలేశాను కూడా, సహజంగా ఉంటుందని.

ఆవిడ తలుపు తీసింది. బావ ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు.

"సన్నటి శబ్దాలు మీకు దాదాపు అందట్లేదండీ, కుడి చెవికి మరీ," అంది. కాస్త ఆగి, మొహమాటపడుతూ, "ఇంకోటేంటంటే, నేను ఏ శబ్దమూ ఇవ్వనప్పుడు కూడా పదకొండుసార్లు నొక్కారు."

చిన్నప్పుడు చెవికి దెబ్బేమైనా తగిలిందా అని కూడా అడిగింది. మా ఊరి బడిలో ఏడేళ్ళు మాస్టారు చెవి మెలేసే చదువు చెప్పారు, అందుకే మిగతా ఒళ్ళు ఏం నేర్చుకోకపోయినా చెవులు ఉద్యోగం సంపాదించాయి అన్నాను. ఆవిడ నవ్వింది. బావ నవ్వలేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాం. మోటారు సైకిళ్ళు నిలబెట్టేవాడు వచ్చి, ఇక్కడ కూర్చోకూడదని చెప్పి వెళ్ళాడు. కదల్లేదు మేం.

"నీకు వినపడాలని నాబ్ ఎంత తిప్పావు?" అన్నాడు బావ.

"రెండు గీతలు."

తలూపాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఎడమ పక్కనే కూర్చున్నాడు, ఆ చెవే నయమని ఆవిడ చెప్పింది కదా, అప్పుడే గుర్తుపెట్టేసుకున్నాడు.

"ఆ రోజు బిస్కెట్లనలేదు నేను," అన్నాడు. "ఒక్క ఫైనల్లో నిలబడాలనుంది బావా అన్నాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. స్టంపుకి చెప్పాను."

లేచేటప్పుడు, మార్కు పోయింది కాబట్టి వాళ్ళెలాగూ పిలవరు, నువ్వు ఎక్కడా నోరెత్తకు, నీ సీటు నీది అన్నాడు. నా కాయితం మడిచి నా జేబులోనే పెట్టాడు.

మార్చి 21, శనివారం

మా ఆవిడకి కాయితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని గీతలన్నీ చూసి, ఇందులో నాకు తెలియనిదేముంది అంది. మూడేసిసార్లు పిలవడం మొదలుపెట్టి రెండేళ్ళయిందట. ముందు, విని కూడా పలకట్లేదనుకుని నెల రోజులు అలిగిందట. ఆ అలకా నేను గమనించలేదట.

అన్నయ్య సంగతేం చేస్తారు అంది. ఏం చెయ్యాలి అన్నాను. నాకేం తెలుసు, నేను క్రికెట్ చూడను అంది, వెళ్ళి కూరలు తరుక్కుంది. ఆ కత్తి చప్పుడు మాత్రం బాగా వినపడింది.

మార్చి 22, ఆదివారం

ఫైనలు అంపైర్ల పేర్లు శుక్రవారం వస్తాయి. నా పేరు అలా ఎప్పుడూ రాదు. ఆట అయ్యాక పేర్లు పరుగెత్తుకుంటూ పైకి వెళతాయి చూడు, వాటిలో నాది కెమెరాల వాళ్ళ తర్వాత, లారీ డ్రైవర్ల ముందు. ఆ ఒక్క గీత కోసం ఇరవై రెండేళ్ళు. ఆ సీటు లేకపోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇది రాసుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

స్టంపు ఉంటే స్టంపుకి చెప్పేవాణ్ణి.

మార్చి 23, సోమవారం

చెప్పేశాను. వ్యానులోకి ఇంకెవరూ రాకముందే వెళ్ళి, డైరెక్టరు ముందు కాయితం పెట్టాను. నాబ్ సంగతి, రెండు గీతలు, పిచ్ ఎండిందని గీతలాయనతో అబద్ధం, అన్నీ. మధ్యలో జోకు వెయ్యబోయి మానేశాను.

ఆ పిల్ల నాబ్ పక్కనున్న టేపు వైపు చూసింది. "ముట్టుకోవద్దని రాసింది మీరే కదా బాబాయ్," అంది. అంతే.

తర్వాత పని మొదలుపెట్టింది. ఆ రోజు మైకు నుంచి నాబ్‌కి ముందే రికార్డయిన శబ్దం ఉంది. గీతలాయన్ని పిలిచింది. అదే బంతి, మామూలు మోతాదులో మళ్ళీ వేయించింది. గీత లేవలేదు. బంతి వెళ్ళే చోట నీళ్ళలా చదునుగా ఉంది, పక్కన చిన్న గీర, బకిలుది. గీతలాయన నా వైపు చూడకుండా, నేనూ గట్టిగా అడగాల్సింది సార్ అన్నాడు. అతని బిస్కెట్ అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి పైవాళ్ళకి ఉత్తరం వెళ్ళింది. ఆట ఫలితం మారదు. బావ మార్కు వెనక్కి ఇస్తారు, అంపైరు నిర్ణయమే సరైనదని టీవీలో చెబుతారు. నేను సాయంత్రం నుంచి బల్ల దగ్గర కూర్చోకూడదు. చెవి మిషన్లు పెట్టుకుని, వచ్చే సీజనుకి ముందు మళ్ళీ పరీక్ష ఇవ్వాలి. అందులో పాసైతే చూద్దామన్నారు.

వచ్చేటప్పుడు బిస్కెట్ల డబ్బా నా సంచిలో పెట్టింది ఆ పిల్ల.

మార్చి 24, మంగళవారం

ఎడమచేతి కుర్రాడికి ఫోన్ చేశాను. బావే నెంబరు సంపాదించి, పక్కన కూర్చున్నాడు. తప్పు నాది బాబూ అన్నాను. గీత అంత పెద్దగా కనపడేసరికి, నిజంగా నేనే తగిలించానేమోనని నాకే అనుమానం వచ్చింది అంకుల్, పది రోజులుగా అదే ఆలోచిస్తున్నాను అన్నాడు కుర్రాడు.

రెండు గీతల నాబ్. ముగ్గురు మనుషులు తమని తామే నమ్మడం మానేశారు. మూడోవాణ్ణి నేనే, నేను కొంచెం ముందు మొదలుపెట్టాను.

బావ నాతో కోపంగా ఉన్నాడు. నోరెత్తకు అన్నానా లేదా అన్నాడు. వినపడలేదన్నాను.

మార్చి 27, శుక్రవారం

పేర్లొచ్చాయి. బావ పేరుంది.

మా ఆవిడ ఏడ్చింది. బావ వెళ్ళి తన తెల్లటోపీ తనే ఉతుక్కున్నాడు, మూడుసార్లు.

ఏప్రిల్ 1, బుధవారం

చెవి మిషన్లు పెట్టారు, తేదీ చూసి పెట్టినట్టున్నారు. లోకం ఇంత చప్పుడు చేస్తోందని ఎవరూ చెప్పలేదు నాకు. కాయితం మడిస్తే పెళపెళ. మా ఇంటి ఫ్యాను మూలుగుతోంది. ఎప్పట్నుంచి అంటే, నాలుగేళ్ళ నుంచి అంది మా ఆవిడ.

తను పని చేసుకుంటూ చిన్నగా కూనిరాగం తీస్తుంది. మర్చిపోయాను ఆ సంగతి. మానేసిందనుకున్నాను.

ఏప్రిల్ 5, ఆదివారం

ఫైనలు. జీవితంలో మొదటిసారి ఆటని ఇంట్లో కూర్చుని చూస్తున్నాను. ఇప్పుడు విరామం, ఈ గదిలోకి వచ్చి రాస్తున్నాను. టీవీలో ఎన్ని బొమ్మలు చూపిస్తారు బాబూ. ఇన్నేళ్ళూ నాకు వీపులే కనపడేవి, అవీ వ్యానులో వాళ్ళవి.

బావ బాగా నిలబడ్డాడు. ఒక రివ్యూ అడిగారు, గీత చదునుగా వచ్చింది, బావ మాటే నిలిచింది. అప్పుడు కూడా మొహంలో ఏం లేదు, కానీ టోపీ సర్దుకున్నాడు. అది అతను ఈలవేసినట్టు లెక్క. క్రికెట్ చూడని మా ఆవిడ లేచి నిలబడింది.

నా సీట్లో ఇంకొకాయన కూర్చున్నాడు. చెయ్యి మంచిదే. మొదటి ఓవరంతా తప్పులు పట్టడానికి విన్నాను, దొరకలేదు, కాస్త బాధేసింది.

విరామానికి బావ బెయిల్స్ తీశాడు. తీసి, స్టంపు మీదికి వంగాడు. పెదవులు కదలడం కనపడింది. సరిగ్గా అప్పుడే ఫేడర్ కిందికి దిగింది. దించాలి మరి, అదే పద్ధతి, నేనే కొత్తవాళ్ళకి నేర్పేవాణ్ణి. ప్రకటనలొచ్చాయి. ఏమన్నాడో ఆ సీట్లో ఉన్నాయనకి తెలుసు, నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళలో

మా ఆవిడ హాల్లోంచి పిలుస్తోంది. "ఏమండీ, వ్యాను నుంచి ఫోను, అన్నయ్య స్టంపు దగ్గర ఏదో అన్నాడట, మీకు చెప్పమంటోంది ఆ అమ్మాయి." ఇంత పొడుగు మాట, మధ్యలో గోడ, ఫ్యాను మూలుగు, అయినా మొదటి పిలుపుకే మొత్తం అందింది. రెండోసారి పిలవనివ్వను. బిస్కెట్లే అయ్యుంటుంది అని రాయబోయాను. రాయను. ఈసారి ముందే నొక్కను, వెళ్ళి విని, అప్పుడు